కొండలను చూడ నేర్పిన గురువు: ఆన్సెల్ ఆడమ్స్ జీవితము

మనుచరిత్రమునందలి ప్రవరుని కథ తెలుగువారికి క్రొత్త కాదు. అరుణాస్పదపురవాసియగు ఆ విప్రుడు దూరదేశముల ముచ్చటలు వినుటకు వేడుకపడి, సిద్ధుడొసంగిన పాదలేపమును పూసికొని, క్షణకాలములో హిమవత్పర్వతమును చేరెను. ఒంటరిగా పోయెను, కన్నులార చూచెను, మంచునకు లేపము కరగిపోగా ఇంటికి మరలు దారి లేక చిక్కుపడెను. పర్వతమును చూడవలెనను కోరిక మనుష్యుని యెంత దూరము లాగికొని పోవునో పెద్దన ఆ కథలో చూపెను. శ్రమ లేక లభించిన దర్శనము ఎంత త్వరగా చిక్కులు తెచ్చునో కూడ చూపెను.

ఇప్పుడు చెప్పబోవు మహనీయునకు సిద్ధుడు గాని లేపము గాని లభింపలేదు. ఆతడు వీపుపై బరువైన కెమెరాను మోసికొని, నడచి, సహచరులతో గూడి, ఒకే పర్వతసీమకు 1916 మొదలుకొని జీవితాంతము ఏటేట పోయెను. పోయి తాను చూచినది తనయొద్దనే దాచుకొనక, ఇతరులను వెంటబెట్టుకొని పోయి వారికి గూడ చూచు విద్య నేర్పెను. ఆతడే అమెరికాదేశపు ప్రకృతి ఛాయాచిత్రకారులలో పేరెన్నిక గన్న ఆన్సెల్ ఆడమ్స్.

ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20వ తేదీన పసిఫిక్ సముద్రతీరమునందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. తండ్రి చార్లెస్ హిచ్‌కాక్ ఆడమ్స్, తల్లి ఆలివ్. వారికి ఈతడొక్కడే సంతానము. తాత కలప వ్యాపారములో ధనము గడించినవాడగుటచే ఇల్లు కలిగినదిగానే యుండెను. కాని బాలునకు నాలుగేండ్లు నిండిన కొలదికాలమునకే, 1906 ఏప్రిల్ 18న, ఆ నగరమును గొప్ప భూకంపము కూల్చివేసెను. మొదటి అదురునకు తప్పించుకొన్న బాలుడు, తరువాత వచ్చిన చిన్న అదురునకు తోటగోడపై విసరివేయబడెను. ముక్కు విరిగెను. ఆ వంకర జన్మాంతము పోలేదు. మఱుసటి యేడు దేశములో ధనసంక్షోభము కలిగి కుటుంబపు వ్యాపారము కుంటువడెను. తండ్రి ఆ దెబ్బనుండి పూర్తిగా తేరుకొనలేక, శేషజీవితమును అప్పులు తీర్చుటకే వినియోగించెను.

బాలునకు బడి కుదరలేదు. ఒకచోట కూర్చుండలేడు, ఉపాధ్యాయులకు లొంగడు. ఒక బడి మార్చి ఒక బడిలో వేసినను ఫలము లేకపోయెను. వేరొక తండ్రియైనచో బెత్తము పట్టియుండును. చార్లెస్ మాత్రము కుమారుని బడి మాన్పించి ఇంటనే చదువు చెప్పించెను. 1915లో ఆ నగరమున పనామా-పసిఫిక్ అంతర్జాతీయ ప్రదర్శనము జరిగినప్పుడు, కుమారునకు ఏడాది పొడుగునకు ప్రవేశపత్రము కొనియిచ్చి, అదియే పాఠశాలగా భావించి దినదినమును పోవలసినదని చెప్పెను. అక్కడి చిత్రములు, యంత్రములు, సంగీతము బాలునకు గురువులైనవి. అంతకు ముందే పండ్రెండేండ్ల ప్రాయమున ఆతడు పియానో వాద్యమును తనంతట తాను వాయించుట మొదలిడెను. సంగీతలిపి చదువుటయు స్వయముగనే నేర్చుకొనెను. తరువాత మంచి గురువులు దొరకిరి. గంటలకొలది సాధన చేయు అలవాటు, చిన్న దోషమునైనను సహింపని పట్టుదల ఆ వాద్యమువలననే ఆతనికి అబ్బినవి.

1916లో ఆతడు జ్వరపడి మంచమున నున్నప్పుడు, పినతల్లి చదువుకొనుమని యొక పుస్తకమిచ్చెను. అది కాలిఫోర్నియా రాష్ట్రమునందలి సియెరా నెవడా పర్వతములను, వాని నడుమనున్న యోసెమిటీ లోయను వర్ణించు గ్రంథము. చదివిన బాలుడు ఆ వేసవి సెలవులకు అక్కడికే పోవలెనని తల్లిదండ్రులను పట్టుబట్టెను. ఒక్క పుస్తకము ఒక జీవితమును త్రిప్పివేయుట గ్రంథాలయములతో పరిచయముగలవారికి ఆశ్చర్యము గొలుపదు.

యోసెమిటీ సామాన్యమైన లోయ గాదు. పూర్వయుగముల మంచుగడ్డలు నదివలె కదలి కొండలను కోసివేయగా ఏర్పడినది. ఇరువైపుల నల్లసేనపు రాతిగోడలు నిట్టనిలువుగా వేల అడుగుల యెత్తు లేచియుండును. అక్కడి జలపాతములలో నొకటి మూడంచెలుగా 2,425 అడుగులు దిగును. లోయకు తూర్పుకొనను హాఫ్ డోమ్ అను శిఖరము, గోపురమును నడిమికి చీల్చి ఒక చెక్కను తీసివేసినట్లు నిలిచియుండును. 1864లోనే ఈ లోయను ప్రజలందరి కొఱకు కాపాడవలెనని శాసనము చేసిరి. 1890లో చుట్టునున్న సీమ జాతీయోద్యానమయ్యెను.

అక్కడ తల్లిదండ్రులు పదునాలుగేండ్ల కుమారునకు ఒక చిన్న కోడాక్ పెట్టె కెమెరా ఇచ్చిరి. ఆతడు హాఫ్ డోమ్ చక్కగా కనబడుటకై ఒక పుచ్చిన చెట్టుమొద్దు నెక్కెను. మొద్దు విరిగెను, బాలుడు తలక్రిందుగా పడెను, పడుచు మీట నొక్కెను. ఫిలిము కడిగించి చూడగా శిఖరము తలక్రిందులుగా నుండెను. ఆ లోయలో ఆతడు మొట్టమొదట తీసిన చిత్రములలో నదియొకటి. జీవితాంతము దానిని తలచుకొని నవ్వుచుండెడివాడు.

మఱుసటి యేడాదినుండి ఆతడు నగరములో ఫిలిములు కడుగు ఒక దుకాణమున పని చేసి చీకటిగది విద్యను అడుగునుండి నేర్చుకొనెను. 1919లో, పదునేడవ యేట, సియెరా క్లబ్బను సంఘమున సభ్యుడుగా చేరెను. పర్వతములను, అడవులను కాపాడుటకు 1892లో స్థాపింపబడిన సంఘమది. దాని తొలి అధ్యక్షుడు ప్రకృతిప్రేమికుడగు జాన్ మ్యూర్. 1920 మొదలు నాలుగు వేసవులు ఆ సంఘమువారి లోయలోని విడిదిగృహమునకు ఆడమ్స్ కాపరిగా నుండి, వచ్చిన యాత్రికులకు దారులు చూపుట, వారిని కొండలమీదికి తీసికొనిపోవుట తన పనిగా పెట్టుకొనెను. వేతనము స్వల్పము, లభించిన చదువు మాత్రము అపారము.

ఆ సంఘమువారు 1901 నుండి ఏటేట సామూహిక పర్వతయాత్రలు జరుపుచుండిరి. ఒక్కొక్క యాత్ర నాలుగు వారములు సాగెడిది. ఒక్కొక్కప్పుడు రెండువందలమంది వరకు బయలుదేరెడివారు. ఆచార్యులు, వకీళ్లు, ఉపాధ్యాయినులు, విద్యార్థులు అందరును నడువవలసినదే. వంటపాత్రలు, దుప్పట్లు, దినుసులు కంచరగాడిదలపై సాగెడివి. ప్రొద్దుననే లేచి తరువాతి మజిలీకి నడచుట, సాయంకాలము మంట చుట్టు కూర్చుండి పాటలు, ప్రసంగములు, హాస్యములు జరుపుకొనుట పరిపాటి. మన పెద్దలు కాలినడకను కాశీకి పోయిన దినములలో సంఘము కట్టుకొని పోయిన తీరు ఇట్టిదే.

ఆడమ్స్ 1923లో ఈ యాత్రలలో చేరెను. కొలదికాలములోనే యాత్రకు అధికార ఛాయాచిత్రకారుడయ్యెను. 1930 నాటికి నిర్వాహకులలో నొకడయ్యెను. ముందుగా పోయి విడిదికి తగిన స్థలమును చూచుట, దారి తప్పినవారిని వెదకుట, పోయిన వస్తువులను సొంతదారులకు చేర్చుట అన్నియు ఆతని పనులే. గ్రీకు విషాదనాటకములను ఎగతాళిగా అనుకరించుచు హాస్యనాటకములు వ్రాసి, కొండరాళ్లనే రంగస్థలముగా జేసి, సహయాత్రికులచే ఆడించెను. యాత్ర ముగిసిన పిమ్మట తాను తీసిన చిత్రములను ప్రతులుగా తయారుచేసి సంపుటములుగా గూర్చి యాత్రికులకు అందజేయుచుండెను. తాము నడచిన కొండలే ఆ చిత్రములలో క్రొత్తగా కనబడుటచూచి వారు విస్మయపడెడివారు. ఒకే చోట నిలిచి ఒకే కొండను చూచినను అందరికిని ఒకటే కనబడదనియు, చూచుట యనునది అభ్యసింపదగిన విద్యయనియు ఆడమ్స్‌నకు ఈ యాత్రలలోనే తేటపడెను.

1927 ఏప్రిల్ 10వ తేదీ ఆతని జీవితములో ముఖ్యమైనది. ఆనాడు నలుగురు సహచరులతో గూడి, మంచుమీద నడచి, హాఫ్ డోమ్ ముఖమునకు ఎదురుగా పొడుచుకొనివచ్చిన యొక కొండకొమ్ము నెక్కెను. ఆ నలుగురిలో ఆతనికి కాబోవు భార్య వర్జీనియా ఒకతె. ఆ కాలపు పెద్ద కెమెరాలో ఫిలిముచుట్టలు గాక, ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలక అమర్చవలెను. వెంట తెచ్చినవి పండ్రెండు పలకలు. దారిలో వ్యయమైనవి పోగా, కొమ్ము చేరునప్పటికి మిగిలినవి రెండే.

శిలాముఖము నీడలో నున్నది. సూర్యుడు వాలి దానిపై వెలుగు పడువరకు ఆతడు వేచియుండెను. పసుపుపచ్చ వడపోతగాజు అమర్చి మొదటి పలకపై చిత్రము తీసెను. తీసిన వెంటనే ఆతనికొక సంశయము కలిగెను. ఎదుట నిలిచిన ఆ శిల హృదయమున గలిగించిన భయగౌరవములు ఈ చిత్రమున కానరావు. ఆకాశము తెల్లబారి, శిల చిన్నబోవును. తన మనస్సులో నున్నది నల్లని యాకాశము ముందు నిలిచిన మహాశిల. అప్పుడాతడు ముదురు ఎఱ్ఱని వడపోతగాజు అమర్చెను. ఎఱ్ఱగాజు ఆకాశపు నీలపు వెలుగును అడ్డుకొనుటచే పలకపై ఆకాశము నల్లగా పడును. మిగిలిన యొక్క పలకను ఆ విధముగా వినియోగించెను. ఆ చిత్రము నేటికిని ప్రసిద్ధము.

ఆనాడు ఆతడు గ్రహించినది సంగ్రహముగా నిది. కన్ను చూచినదానిని కెమెరా యథాతథముగా పట్టదు. కెమెరా పట్టినది హృదయమున మెదలినది కాకపోవచ్చును. కావున మీట నొక్కుటకు ముందే, పూర్తియైన చిత్రమును మనస్సులో చూచి, దానికి తగిన సాధనములను పిదప ఎన్నుకొనవలెను. శిల్పి ఉలి పట్టక మున్నే రాతిలో విగ్రహమును చూచుట వంటి దిది. జీవితశేషమంతయు ఆతడు నేర్పినది ఈ యొక్క పాఠమే.

1928 జనవరిలో ఆడమ్స్ వర్జీనియాను యోసెమిటీలోనే వివాహమాడెను. ఆమె తండ్రి హ్యారీ బెస్ట్ చిత్రకారుడు. లోయలో ఆయనకొక చిత్రశాల యుండెను. అదివరకు ఆడమ్స్ అక్కడి పియానోపై అభ్యసించుచుండగా వారికి పరిచయము కలిగినది. 1936లో ఆయన గతించిన పిమ్మట ఆ చిత్రశాల వర్జీనియాకు సంక్రమించెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

అప్పటికిని ఆడమ్స్ జీవనోపాధి సంగీతమా ఛాయాచిత్రమా యను సంగతి తేలలేదు. సంగీతమునకు పదునైదేండ్లు ధారపోసియుండెను. 1930లో న్యూ మెక్సికో రాష్ట్రమున పాల్ స్ట్రాండ్ అను ఛాయాచిత్రకారుని కలిసికొని, ఆయన నెగెటివులను వెలుతురునకు పట్టి చూచెను. అంతటి నిర్మలత కెమెరాకు సాధ్యమని చూచిన పిమ్మట ఆతని సంశయము తీరెను. కెమెరా ఆత్మను పలికింపజాలదని తల్లియు పినతల్లియు వారించిరి. ఆతడు వినలేదు. సంగీతమును వదలినను సంగీతము ఆతనిని వదలలేదు. నెగెటివు స్వరకర్త వ్రాసిన కృతివంటిదనియు, దానినుండి ప్రతి తీయుట ఆ కృతిని సభలో పాడుటవంటిదనియు శిష్యులకు చెప్పుచుండెడివాడు. ఒకే కృతిని ఒకే గాయకుడు పాడినను ఏనాటి పాట ఆనాటిదే గదా.

ఆ దినములలో ఛాయాచిత్రములను కావలెనని మసకబార్చి, తైలవర్ణచిత్రములవలె కనబడునట్లు చేయుటే కళయని పలువురు తలచుచుండిరి. 1932లో ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ మొదలగువారు గూడి ఎఫ్ 64 అను మండలి నేర్పరచిరి. కెమెరా కటకపు రంధ్రమును మిక్కిలి సన్నము చేసినచో దగ్గరి గడ్డిపోచయు దూరపు శిఖరమును ఏకముగా స్పష్టపడును. ఆ సన్నని రంధ్రపు సంఖ్యయే మండలికి పేరు. ఉన్నదానిని ఉన్నట్లు స్పష్టముగా చూపుటయే కెమెరాకు ధర్మమని వారి మతము.

ఆడమ్స్ బోధనలో ప్రధానమైన పద్ధతి 1940 ప్రాంతమున రూపొందెను. లాస్ ఏంజెలిస్ నగరమున ఒక కళాశాలలో పాఠములు చెప్పుచు, ఫ్రెడ్ ఆర్చర్ అను సహోపాధ్యాయునితో గూడి దానిని కూర్చెను. సెటిల్మెంటు దస్త్రములలో గ్రామపు భూమినంతయు సారమునుబట్టి తరములుగా విభజించుట పల్లెవారికి తెలిసినదే. ఆడమ్స్ వెలుగుచీకట్లను అట్లే తరములు కట్టెను. కటిక నలుపు సున్న. తెల్లని కాగితపు తెలుపు పది. నడిమి బూడిదరంగు అయిదు. ఒక తరమునకును దాని పై తరమునకును వెలుగు రెండింతలు. వెలుతురు కొలుచు మీటరు దేనిని చూపినను నడిమి బూడిదరంగుగానే లెక్కగట్టును. మంచును చూపి మీటరు చెప్పినట్లు చేసినచో మంచు బూడిదవలె వచ్చును. బొగ్గును చూపి చేసినను బొగ్గు బూడిదయే యగును. కావున ఏ వస్తువు ఏ తరమున నుండవలెనో మనుష్యుడే నిర్ణయింపవలెను. నీడలనుబట్టి ఎంత వెలుగు పోనీయవలెనో నిర్ణయించి, వెలుగుభాగములనుబట్టి నెగెటివును ఎంతసేపు కడుగవలెనో నిర్ణయింపవలెను. ఈ లెక్క వచ్చినవానికి చిత్రము అదృష్టముపై ఆధారపడదు.

ఆ లెక్క ఆపత్కాలమున ఆతని నెట్లు ఆదుకొనెనో చెప్పుటకు 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము చాలును. న్యూ మెక్సికోలో కారులో పోవుచుండగా హెర్నాండెజ్ అను పల్లె కనబడెను. తూర్పున మంచుకొండలపై చంద్రుడు లేచియుండెను. పడమటి ప్రొద్దు తుదికిరణములు శ్మశానమునందలి తెల్లని శిలువలపై పడుచుండెను. కారు నాపి, సహచరులను తొందరపెట్టి, పెద్ద కెమెరా నిలబెట్టెను. మీటరు మాత్రము కనబడలేదు. చంద్రబింబపు వెలుగు ఎంతయో ఆతనికి కంఠస్థము. దానినుండి మనస్సుననే లెక్కగట్టి ఒక చిత్రము తీసెను. రెండవదానికి పలక సిద్ధము చేయునంతలో శిలువలపై వెలుగు పోయెను. ఆ యొక్క నెగెటివునుండి ఆతడు జీవితకాలమున వేయికి పైగా ప్రతులు తీసెను.

ఇట్టి విద్యను సాధించినవారు పలువురు దానిని గుట్టుగా నుంచెడివారు. ఆడమ్స్ దాచలేదు. 1935లోనే ఛాయాచిత్రరచనను గూర్చి పుస్తకము వ్రాసెను. 1948 మొదలు కెమెరా, నెగెటివు, ప్రతి మున్నగు విషయములపై వరుసగా గ్రంథములు ప్రకటించెను. రసాయనముల పాళ్లు, నిమిషముల లెక్కలు అన్నియు అందులో నిచ్చెను. 1940లో న్యూయార్కు నగరపు ఆధునిక కళాప్రదర్శనశాలలో ఛాయాచిత్రములకు ప్రత్యేకశాఖ నెలకొల్పుటలో తోడ్పడెను. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కో కళాశాలలో ఛాయాచిత్ర విభాగమును స్థాపించెను.

అయినను తరగతిగదికంటె కొండలలో పాఠము చెప్పుటయే ఆతనికి ప్రియము. 1940లో ఎడ్వర్డ్ వెస్టన్‌తో గూడి యోసెమిటీలో తొలి శిక్షణశిబిరము జరిపెను. 1955 మొదలు 1981 వరకు ఏటేట ఆ లోయలో శిబిరములు నడపెను. శిష్యులు వేరువేరు ఊళ్లనుండి తమతమ కెమెరాలతో వచ్చెడివారు. వారిలో వృత్తిగా ఛాయాచిత్రములు తీయువారు కొందరు. కేవలము వేడుకకొలది నేర్చుకొనువారు కొందరు. గురువు వారిని వెంటబెట్టుకొని నదీతీరములకు, పచ్చికబయళ్లకు, రాతిగోడల క్రిందికి పోయెడివాడు. వెంటనే ప్రతి నిచ్చు పొలరాయిడ్ ఫిలిముపై తీసి, అక్కడికక్కడ తప్పొప్పులు చూపెడివాడు. ఆ సంస్థకు 1949 నుండి ఆతడు సలహాదారు. తరువాత చీకటిగదిలో తన చేతిపని వారి యెదుటనే చూపెడివాడు. శిష్యులు తెచ్చిన చిత్రములను వరుసగా నిలిపి, ఒక్కొక్కదానిని గూర్చి అందరి సమక్షమున మాటలాడెడివాడు. ఒకరి తప్పు పదిమందికి పాఠమగుట సామూహిక విద్యలోని లాభము.

శిబిరమునకు పోలేనివారికి గూడ పనికివచ్చు ఒక సులభోపాయమును ఆతడు తన గ్రంథములలో చెప్పెను. అట్టముక్కలో దీర్ఘచతురస్రపు కిటికీ కోసి, ఒక కన్ను మూసి, దానిగుండ చూడవలెను. కన్నునకు దగ్గరగా పట్టినచో విశాలదృశ్యము కనబడును. దూరముగా పట్టినచో దృశ్యము కుదించుకొనును. ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో ఆ కిటికీ చెప్పును. కానిఖర్చు లేని ఈ అట్టముక్క తెలియనివానికి వెలగల కెమెరాకంటె మేలు.

ఆడమ్స్ చిత్రములు చూచి ఆనందించుటతో ముగిసిపోలేదు. సియెరా పర్వతములలోని కింగ్స్ కేన్యన్ సీమను కాపాడవలెనని సంఘమువారు ఆతనిని 1936లో చిత్రములతో రాజధానికి పంపిరి. ఆనాడు కార్యము కాలేదు. 1938లో ఆ పర్వతచిత్రముల గ్రంథము వెలువడెను. దాని ప్రతి మంత్రి హెరాల్డ్ ఇక్కీస్ ద్వారా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌నకు చేరెను. 1940లో కింగ్స్ కేన్యన్ జాతీయోద్యానమయ్యెను. 1934 మొదలు 1971 వరకు ఆడమ్స్ సంఘపు నిర్వాహకవర్గమున నుండెను.

ఈ జీవితమున చీకటిభాగములు లేకపోలేదు. 1937లో యోసెమిటీలోని చీకటిగదికి నిప్పంటుకొని, నెగెటివులు వేలకొలది నాశనమయ్యెను. లోకము సంక్షోభములలో నుండగా ఈతడు రాళ్లను, చెట్లను చిత్రించుచున్నాడని తోటి కళాకారులే నిందించిరి. ఆ నింద పూర్తిగా న్యాయము కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము జపానుసంతతివారిని నిర్బంధశిబిరములలో నుంచినప్పుడు, 1943లో ఆడమ్స్ మన్జనార్ శిబిరమునకు పోయి, వారిని గౌరవముగా చిత్రించి, 1944లో పుస్తకము ప్రకటించెను. యుద్ధావేశములో నున్న జనులకు అది రుచింపలేదు. ఆ చిత్రములను 1965లో అమెరికా జాతీయ గ్రంథాలయమునకు దానము చేసెను.

మఱియొక లోపము గమనింపదగినది. ఆడమ్స్ చిత్రించిన యోసెమిటీ మానవస్పర్శ లేని యాదిసృష్టివలె కనబడును. కాని ఆ లోయ అహ్వాహ్నీచీ అను ఆదిమవాసుల నివాసము. 1851లో తెల్లవారి దండు వారిని అక్కడినుండి తరిమివేసెను. పచ్చికబయళ్లను తరతరములుగా నిప్పుపెట్టి, పోషించి, ఆ రూపమున నిలిపినవారు వారే. ఆ సంగతి తెలిసిన పిమ్మట ఆ చిత్రములయందము తగ్గదు. వానిలో కానరానివారు మాత్రము జ్ఞప్తికి వత్తురు.

అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి. కొండలను ప్రేమింపుడని జనులకు నేర్పగా జనులు వచ్చిరి. జనులు రాగా బాటలు వెడల్పు చేయవలసివచ్చెను. 1958లో టియోగా బాటను వెడల్పు చేయుచు, టెనాయా సరస్సు చెంత మంచుగడ్డలు యుగములకొలది నునుపు చేసిన నల్లసేనపు రాతిని మందుపెట్టి పేల్చిరి. ఆడమ్స్ తీవ్రముగా నిరసించెను. స్వేచ్ఛగా పోరాడుటకై సంఘపు పదవికి రాజీనామా నిచ్చెను గాని సంఘమువారు అంగీకరింపలేదు. పని కొలదికాలము ఆగి, మరల సాగెను. పేలిన రాయి మరల అతుకదు. తన చిత్రములు గూడ ఆ జనసమ్మర్దమునకు కారణమైనవను మాటను తప్పించుకొనుటకు వీలులేదు. దానికి మార్గము జనులను రావలదనుట గాదనియు, వచ్చినవారికి చూచు విద్య నేర్పుటయనియు ఆతడు నమ్మెను. చూడనేర్చినవాడు కొండను త్రొక్కి పోడు. ఒకచోట నిలిచి వెలుగునకై వేచియుండును. అందులకే అరువదేండ్లు దాటినను, డెబ్బదేండ్లు దాటినను శిబిరములు మానలేదు.

1962లో ఆడమ్స్ దంపతులు సముద్రతీరమున కార్మెల్ సమీపమునకు నివాసము మార్చిరి. ఆ యింటి తలుపు గూడ శిష్యులకు తెరచియే యుండెను. 1975లో అరిజోనా విశ్వవిద్యాలయమున ఛాయాచిత్రకళాకేంద్రము నేర్పరచుటకు ఆడమ్స్ తోడ్పడి, తన నెగెటివులను, లేఖలను అక్కడ చేర్చుటకు నిశ్చయించెను. 1980లో అధ్యక్షుడు కార్టర్ దేశపు అత్యున్నత పౌరపతకముతో సత్కరించెను. 1983లో, ఎనుబదియొక్క యేండ్ల వయస్సున, అధ్యక్షుడు రీగన్‌ను కలిసికొని అడవుల విషయమై నిర్మొగమోటముగా వాదించెను. 1984 ఏప్రిల్ 22న కాలధర్మము నొందెను.

సియెరా సంఘపు సామూహికయాత్రికులు 1934లో ఒక శిఖరము నెక్కి, తమ ప్రియసహచరుని పేరు దానికి పెట్టుకొనిరి. జీవించియున్నవారి పేరు కొండలకు పెట్టుట ఆ దేశమున నియమవిరుద్ధమగుటచే, ఆ పేరు యాత్రికుల నోళ్లలో మాత్రమే యుండెను. 1985లో ప్రభుత్వము దానిని అంగీకరించెను. యోసెమిటీ ఆగ్నేయపు సరిహద్దున 11,760 అడుగుల యెత్తున నిలిచిన ఆ కొండ నేడు మౌంట్ ఆన్సెల్ ఆడమ్స్ అని పటములలో కలదు.

ప్రవరుని పాదలేపము మంచున కరగిపోయెను. ఆడమ్స్ పంచిపెట్టిన విద్య కరగునది కాదు. ఒకరికిచ్చినను తరుగునది కాదు. ఒక బాలుని చేతికి జ్వరములో నిచ్చిన పుస్తకమునుండి ఇదంతయు పుట్టినదని గ్రంథాలయపు అరలయెదుట నిలిచినవారు తలచుకొందురు గాక.